బీరువాలో చుట్టిపెట్టిన జిల్లా

కలరా ఉండల వాసన, పాత వార్నిషు వాసన కలిసి ఎక్కడ తగిలినా హైస్కూల్లో సోషల్ గది గుర్తొస్తుంది. ఈమధ్య వన్‌టౌన్‌లో ఒక పాత బడికి మరమ్మతులు చేస్తూ బీరువాలు ఖాళీ చేస్తుంటే అదే వాసన వీధిలోకి వచ్చింది. వరండాలో పరిచిన గోనెపట్టా మీద చుట్టలు చుట్టిన గుడ్డ మ్యాపులు, ఇరుసు విరిగిన గ్లోబు, మూత తుప్పుపట్టిన వర్షమాపకం, అట్టపెట్టె నిండా నంబర్లు అంటించిన రాళ్ళు ఉన్నాయి. ఒకప్పుడు విశాఖ బళ్ళలో భూగోళం చెప్పింది ఈ సామానుతోనే. అది ఊరికే చదివి వినిపించే పాఠం కాదు, చేతిపని. ఆ పని తెలిసిన మాస్టార్లు చాలామంది రిటైరైపోయారు, కొందరు వెళ్ళిపోయారు కూడా.

ముందు ఆ గుడ్డ మ్యాపుల సంగతి. అచ్చువేసిన కాగితానికి వెనక నూలుగుడ్డ అతికించి, పైన వార్నిషు పూసి, పైనా కిందా గుండ్రటి కర్రలు బిగించేవారు. సముద్రం పక్కనున్న ఊళ్ళో దాన్ని పదేళ్ళు కాపాడాలంటే మాటలు కాదు. ఇనప మేకు కొడితే ఉప్పుగాలికి రెండేళ్ళలో తుప్పుపట్టి చుట్టూ గుడ్డను తినేస్తుంది. అందుకని ఇత్తడి మేకులే కొట్టించేవారు. మరీ బిగించి చుడితే వార్నిషు పెళుసై పలకలు పలకలుగా లేచిపోతుంది. వదులుగా చుట్టి, నాడాతో రెండుచోట్ల కట్టి నిలబెట్టాలి. పడుకోబెడితే కింద ఉన్నదాన్ని చెదలు చూసుకుంటాయి. వానాకాలం పోయాక ఒక పూట నీడలో ఆరవేయాలి. ఎండలో వేస్తే ఆకుపచ్చ రంగు వెలిసి కోస్తా మైదానం కాస్తా ఎడారైపోతుంది.

మ్యాపు మీద వేలు పెట్టకూడదు, బెత్తంతోనే చూపించాలి అని కచ్చితంగా చెప్పేవారు. వింటే కదా! మన ఊళ్ళో ఏ బడిలో ఇండియా మ్యాపు విప్పినా ఒకచోట అచ్చు అరిగిపోయి గుడ్డ నేత బయటపడి ఉండేది. అందరూ వేలుపెట్టి చూపించిన విశాఖపట్నం అదే.

* * *

తూర్పు కనుమలు తెగతెగి ఉంటాయి, తీరానికి దూరంగా ఉంటాయి అని పుస్తకంలో ఉండేది. కిటికీలోంచి చూస్తే ఆ కనుమలే సముద్రంలో కాలు పెట్టి కనిపించేవి. పుస్తకం తప్పు కాదు. రాష్ట్రం మొత్తానికి రాసిన మాట అది. మన దగ్గర మాత్రం కొండల వరసలు రెండు తీరం దాకా వచ్చేశాయి. ఉత్తరాన సింహాచలం నుంచి కైలాసగిరి దాకా ఒకటి, దక్షిణాన యారాడ కొండల వరస ఇంకొకటి. ఆ రెండోదాని కొసే డాల్ఫిన్ నోస్, ఎత్తు 174 మీటర్లు. రెండు వరసల నడుమ పల్లం. మేఘాద్రి గెడ్డ నీళ్ళు వచ్చి చేరే ఆ పల్లంలో ఒకప్పుడు పోటుకి మునిగి పాటుకి తేలే బురదనేల ఉండేది. ఆ బురద తవ్వి ఓడలకు దారి చేస్తే 1933లో రేవు తెరుచుకుంది.

సముద్రతీరానికి సంబంధించిన టోపోషీట్లు, అంటే సర్వేవాళ్ళ వివరమైన మ్యాపులు, అప్పట్లో అందరికీ ఇచ్చేవారు కాదు. మన ఊరిది 65 ఓ వరసలో ఆరో షీటు అని లెక్కగట్టి చెప్పడమే తప్ప దాన్ని తెచ్చి గోడకు తగిలించే వీల్లేదు. అందుకని పిల్లల్ని రాస్ కొండ ఎక్కించేవారు. పక్కనే దర్గా కొండ, వెంకటేశ్వర కొండ. మూడూ రేవు ముఖద్వారానికి ఉత్తరపు ఒడ్డున ఉన్నాయి. ఎదురుగా డాల్ఫిన్ నోస్, కింద ఓడలు దూరే సన్నటి కాలువ. భూశిరం, సహజ నౌకాశ్రయం, ఉప్పుటేరు, మైదానం, కొండల వరస... పుస్తకంలో నాలుగు పేజీలు పట్టిన నిర్వచనాలన్నీ అక్కడ నిలబడి ఒక చుట్టు తిరిగితే సరిపోయేవి.

అక్కడ అసలు చెప్పాల్సింది ఇసుక గురించి. నైరుతి రుతుపవనం వీచే నెలల్లో అలలు దక్షిణం వైపునుంచి ఏటవాలుగా వచ్చి ఒడ్డును తాకుతాయి. తాకినప్పుడల్లా ఇసుక కొంచెం ఉత్తరానికి జరుగుతుంది. చలికాలంలో కొన్నాళ్ళు వెనక్కి వచ్చినా, ఏడాది మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. డాల్ఫిన్ నోస్ అలల్ని కాచుకుంటుంది గానీ ఇసుకను ఆపలేదు. ఆ కొస చుట్టూ తిరిగి వచ్చిన ఇసుక సరిగ్గా రేవు మూతిలో మేట వేస్తుంది. దానికి విరుగుడుగా రేవు కట్టినవాళ్ళు జేనస్, వెల్లెస్‌డన్ అనే రెండు పాత ఓడల్ని మూతి దగ్గర ముంచి అడ్డుకట్టగా చేశారు. ఆ అడ్డు చాటున చేరిన ఇసుకను డ్రెడ్జరు తోడి ఉత్తరం వైపు బీచికి పంపాలి. 1976లో ఔటర్ హార్బర్ వచ్చి అడ్డుకట్టలు సముద్రంలోకి ఇంకా జరిగాక ఆ అవసరం మరీ పెరిగింది. ఆర్కే బీచిలో గోడలు కూలినప్పుడల్లా సముద్రానికి కోపం వచ్చిందని జనం అంటారు. సముద్రానికి కోపమేమిటి, దక్షిణం నుంచి రావాల్సిన ఇసుక అందకపోతే అల తన దారిలో దొరికిందే తీసుకుపోతుంది.

దీన్ని తరగతిలో చూపించడానికి రేకు తొట్టి ఉండేది. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, జానెడు లోతు. ఒక పక్క కడిగిన ఏటి ఇసుకను ఒడ్డులా వాలుగా పేర్చి, మిగతా సగంలో నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు పోసేవారు. ఒడ్డునుంచి నీళ్ళలోకి ఒక పలక ముక్క గుచ్చితే అది అడ్డుకట్ట. చెక్క స్కేలుతో మూల నుంచి ఏటవాలుగా, నిదానంగా అలలు పుట్టించాలి. పది నిమిషాల్లో పలకకు ఒక పక్క ఇసుక పేరుకుంటుంది, రెండో పక్క ఒడ్డు గుల్లవుతుంది. చేయితిరగనివాళ్ళు చేస్తే ఇదేదీ జరగదు. అల ఒడ్డుకు నేరుగా కొడితే ఇసుక ముందుకీ వెనక్కీ ఊగుతుంది తప్ప పక్కకు జరగదు. తొందరపడి గబగబా కొడితే ఒడ్డంతా ఒకేసారి జారిపోతుంది. కడగని ఇసుక వేస్తే మట్టి లేచి నీళ్ళు చిక్కబడి, ఏం జరుగుతోందో కనబడదు.

* * *

భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలకు ఏటా ఒకసారి తీసుకెళ్ళేవారు. అప్పటికి అది షూటింగులు జరిగే చోటు, అంతే. 1886లోనే విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త వీటి గురించి రాసినా, జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తింపు వచ్చింది 2014లో.

అది మట్టి కాదు, ఇసుక. సముద్రమట్టం ఇప్పటికంటే బాగా కిందికి దిగిన కాలంలో బయటపడిన ఇసుకను గాలి లోపలికి తోలి దిబ్బలు వేసింది. గింజల మీద ఇనుము తుప్పు పొరలా పట్టి ఎర్రబడింది. ఆ తర్వాత వాననీళ్ళు కోసి గండ్లు చేశాయి. గండి పుట్టుక చూడాలంటే పైన చదునుగా ఉన్నచోట మొదలుపెట్టాలి. ముందు వేలు పట్టేంత గాడి కనబడుతుంది, నాలుగడుగులు దిగేసరికి మోకాలి లోతు, ఇంకొంచెం పోతే మనిషి మునిగే గోడలు. ఎండాకాలంలో ఆ గోడలు రాయిలా నిలబడతాయి, వాన తడికి ముద్దలు ముద్దలుగా ఊడిపడతాయి. అందుకే వాన వెలిసిన రెండు మూడు రోజులదాకా అంచుల మీద నడవనిచ్చేవారు కాదు.

కింద బీచిలో ఇసుకది ఇంకో పాఠం. అలలు వెనక్కి పోయినచోట నల్లటి చారలు కనబడతాయి. అవి తారు కాదు, బరువైన ఖనిజాలు. తేలికైన తెల్ల ఇసుకను అల లాక్కుపోతే బరువైనవి ఉండిపోతాయి. పిడికెడు ఎత్తి స్టీలు పళ్ళెంలో నీళ్ళుపోసి బియ్యం గాలించినట్టు గాలిస్తే మూడు రంగులు విడిపోయేవి. నల్లనిది ఇల్మెనైటు, గులాబీ ఎరుపుది గార్నెట్టు, తెల్లనిది క్వార్ట్జు. ఆ గార్నెట్టు ఎక్కణ్ణుంచి వచ్చిందంటే మన కొండల్లోంచే. కైలాసగిరి రాయి పగలగొట్టి చూస్తే అవే ఎర్రగింజలు ఉంటాయి. దాన్ని ఖొండలైటు అంటారు. అందులో ఇనుమున్న గింజలు తుప్పుపట్టడం వల్లే మన కొండరాయి మీద ఎప్పుడూ ఆ ఎరుపు మరకలు.

అయస్కాంతం తెచ్చుకున్న పిల్లలకు మాస్టారి మొదటి హెచ్చరిక, దాన్ని కాగితంలో చుట్టండిరా అని. చుట్టకుండా ఇసుకలో పెడితే నల్లగింజలు మీసాల్లా పట్టుకుని ఎంత గీకినా వదలవు. చుట్టి పెడితే, కాగితం తీయగానే అన్నీ రాలిపోతాయి. మామూలు అయస్కాంతానికి గట్టిగా అంటుకునేది మాగ్నటైటే. ఇల్మెనైటు బద్ధకంగా కదులుతుంది. రెండూ నల్లగానే ఉంటాయి కాబట్టి ఈ తేడా చూసుకోకపోతే పేర్లు తారుమారవుతాయి.

* * *

వీటన్నిటినీ ఒకచోట చూపించడానికి కాగితపు గుజ్జుతో జిల్లా బొమ్మ చేసేవారు. ఎగ్జిబిషన్ కోసం చేసినవి చాలావరకు అందంగా ఉండేవి గానీ తప్పుగా ఉండేవి. సరిగ్గా చేసే పద్ధతి వేరు.

పాత పేపర్లు చిన్నముక్కలుగా చింపి మూడు రోజులు నానబెట్టాలి, రోజూ నీళ్ళు మార్చాలి. తర్వాత ఉడకబెట్టి, పిండి, రోట్లో వేసి మెత్తగా దంచాలి. కిలో తడిగుజ్జుకు పావుకిలో మైదా జిగురు, గుప్పెడు మెంతిపిండి. జిగురు ఉడికేటప్పుడే చెంచాడు మైలుతుత్తం వేయాలి. వేయకపోతే వేసవి సెలవులు అయ్యి బడి తెరిచేసరికి అరకు లోయను బొద్దింకలు తినేసి ఉంటాయి. తుత్తం విషం కాబట్టి ఆ పని మాస్టారే చేసి, పిల్లల చేత సబ్బుతో చేతులు కడిగించేవారు.

స్కేలు దగ్గరే అందరూ బోల్తాపడేది. సెంటీమీటరుకు 2 కిలోమీటర్లు పెట్టుకుంటే పాత ఉమ్మడి జిల్లా మూడడుగుల ప్లైవుడ్ మీద పడుతుంది. కానీ అదే స్కేల్లో ఎత్తులు పెడితే తూర్పు కనుమల్లో బాగా ఎత్తయిన 1680 మీటర్ల అర్మకొండ 8 మిల్లీమీటర్లు దాటి పెద్దగా లేవదు, డాల్ఫిన్ నోస్ మిల్లీమీటరు కంటే తక్కువ. చేత్తో తడిమినా తెలీదు. అందుకని ఎత్తును మాత్రం ఐదు రెట్లు చేసేవారు. అప్పుడు అర్మకొండ 4.2 సెంటీమీటర్లు, డాల్ఫిన్ నోస్ 4 మిల్లీమీటర్లు పైచిలుకు. పిల్లలకు వదిలేస్తే రోజూ కనబడే డాల్ఫిన్ నోస్‌ను అరకు కొండలంత చేసేవారు, ఎప్పుడూ చూడని అర్మకొండను చీమల పుట్టంత.

దానికి మేకుల ఉపాయం ఉండేది. ఎత్తు తెలిసిన చోటల్లా, అంటే సింహాచలం గుడి, అనంతగిరి, అరకు, అర్మకొండ దగ్గర, లెక్క ప్రకారం అంత పొడవు బయటికి ఉండేలా సన్నమేకు కొట్టి, మేకు తలల మట్టానికి గుజ్జు నింపడమే. తల మునిగిందంటే ఎక్కువైనట్టు, బయటికి కనబడుతోందంటే తక్కువైనట్టు. ఒకేసారి నింపకూడదు. అర సెంటీమీటరు మందాన పొర వేసి, రెండురోజులు ఆరనిచ్చి, ఇంకో పొర వేయాలి. ముందు నీడలో, ఆఖర్న ఎండలో. నేరుగా ఎండలో పెడితే పైన పెచ్చు కట్టి లోపల తడి ఉండిపోతుంది, నెల తిరక్కుండా చింతపల్లి మీదుగా పగులు. ఒక్క పక్కే తడి పీల్చుకుని చెక్క వంగిపోతుంది కాబట్టి వెనకవైపు కూడా కాగితం అతికించేవారు. ఆగస్టులో మొదలుపెడితే ఆరదు, ఆకుపచ్చ బూజు పడుతుంది. అదీ మైదానం రంగే అని సర్దుకున్న బడులు ఉన్నాయి. సంక్రాంతి సెలవులు అయ్యాక మొదలుపెడితేనే పని సాఫీగా సాగేది.

నదులకు నీలం దారం అతికించేవారు. గోస్తని, శారద, వరాహ, తాండవ నాలుగూ కొండల్లో పుట్టి నేరుగా బంగాళాఖాతంలోకి దిగిపోతాయి. మాచ్‌ఖండ్ ఒక్కటీ అలా కాదు. మాడుగుల కొండల్లోనే పుట్టి, సముద్రానికి వీపు తిప్పి పడమటికి పోయి, సీలేరై, శబరిలో కలిసి గోదావరితో వెళ్తుంది. జలవిభజన రేఖ అనే మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ వెతుక్కోనక్కర్లేదు. బొమ్మకు రెండుపొరల వార్నిషు పట్టించి బాగా ఆరాక, అర్మకొండ దిక్కున చెంబుతో సన్నగా నీళ్ళు పోస్తే కొన్ని ఇటూ కొన్ని అటూ పోయేవి. వార్నిషు ఆరకుండానే పోసిన బళ్ళలో ఆ ఏడాదికి జిల్లా గుజ్జైపోయేది.

* * *

వర్షమాపకం పెట్టిన బళ్ళు తక్కువే. అది 127 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గరాటు, కింద సీసా, చుట్టూ రేకు తొడుగు. గరాటు అంచు నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. పక్కనున్న చెట్టుకో గోడకో ఎంత ఎత్తుంటే కనీసం దానికి రెట్టింపు దూరంలో పెట్టాలి. రోజూ పొద్దున్న 8:30కి కొలత. బడి గంట అప్పటికి కొట్టరు కాబట్టి దగ్గర్లో ఇల్లున్న కుర్రాడికి ఆ పని పడేది, ఆదివారాలు సహా.

లేనిచోట సీసా, గరాటుతో చేయించేవారు. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, సీసాలో నీటి ఎత్తునే వర్షం అనుకోవడం. గరాటు మూతి 12 సెంటీమీటర్లు, సీసా లోపలి వెడల్పు 6 అయితే గరాటు వైశాల్యం నాలుగు రెట్లు. సీసాలో 40 మిల్లీమీటర్లు నిలిస్తే కురిసింది 10 మాత్రమే. వెడల్పుల నిష్పత్తి రెండే కదా అని రెండుతో భాగించినవాళ్ళ పుస్తకాల్లో విశాఖపట్నం చిరపుంజీ అయిపోయేది.

ఆ లెక్కలు ఏడాదిపాటు రాస్తే ఒక విషయం తేలేది. నైరుతి రుతుపవనం జూన్‌లోనే వచ్చినా మనకు ఎక్కువ వాన కురిసే నెల అక్టోబరు. కారణం మ్యాపులోనే ఉంది. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలి ఉంది. రుతుపవనపు గాలి దాదాపు దానికి సమాంతరంగా జారిపోతుంది తప్ప, పడమటి కనుమలను కొట్టుకున్నట్టు మన కొండలను ఎదురుగా కొట్టుకోదు. మనకు వాన తెచ్చేవి సాయంత్రం ఉరుములు, బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాలు. ఆ వాయుగుండాల కాలం అక్టోబరు.

వేసవిలో గాలి దిక్కు చూడ్డానికి మల్కాపురం వైపు రిఫైనరీ మంట చాలు. పొద్దున్న అది సముద్రం వైపు వాలుతుంది. మధ్యాహ్నానికి సముద్రపు గాలి మొదలై ఇటు తిరుగుతుంది. మేలో కొన్నిరోజులు పడమటి గాలి బలంగా ఉండి ఆ మంట తిరగదు. అలాంటి రోజునే 40 డిగ్రీలు దాటుతుంది. తీరప్రాంతంలో ఎండ తీవ్రత తక్కువ అని పరీక్షలో రాసి ఇంటికి నడిచొచ్చినవాళ్ళకు ఆ రోజు అర్థమయ్యేది, అది ఏ గాలి పుణ్యమో.

తుఫాను నంబర్లు మాత్రం పాఠంలో లేకపోయినా అందరికీ వచ్చు. రేవులో పగలు స్తంభానికి గుర్తులు ఎగరేసేవారు, రాత్రి ఎర్రదీపాలు, తెల్లదీపాలు. ఒకటి, రెండు అంటే దూరంగా సముద్రంలో ఉంది. మూడు, నాలుగు అంటే రేవుకే ఇబ్బంది రావచ్చు. ఐదు నుంచి ఏడు ప్రమాదం, ఎనిమిది నుంచి పది మహా ప్రమాదం. పదకొండు అంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. నంబరు పెరిగేకొద్దీ తుఫాను పెద్దదని చాలామంది అనుకుంటారు. ఐదు, ఆరు, ఏడుల మధ్య తేడా బలంలో లేదు, తుఫాను ఏ పక్కనుంచి పోతుందన్నదాంట్లో ఉంది. ఐదు, ఎనిమిది అంటే తుఫాను దారికి రేవు ఎడమపక్క ఉంటుంది. ఆరు, తొమ్మిది అంటే కుడిపక్క. ఏడు, పది అంటే రేవు మీదుగానో అతి దగ్గరగానో.

మన తీరంలో ఎడమా కుడీ చాలా తేడా. తుఫాను సముద్రం నుంచి పడమటికి వస్తుంది కాబట్టి దాని ఎడమ అంటే దక్షిణం. మన అర్ధగోళంలో తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. దారికి దక్షిణాన ఉన్న ఊరికి గాలి నేల మీదనుంచి సముద్రం వైపు పోతుంది. ఉత్తరాన ఉన్న ఊరికి సముద్రం మీదనుంచి నేలకు వస్తుంది, నీటిని ఒడ్డుకు తోస్తుంది. ఉప్పెన భయం కుడిపక్క వాళ్ళకే. జాలరిపేటలో పెద్దవాళ్ళు ఇదంతా చెప్పకుండానే గాలికి వీపు పెట్టి నిలబడి ఎడమచేయి చాచేవారు, "అదిగో బాబూ, అటేపు ఉంది" అని. తుఫాను నడిబొడ్డు సుమారుగా ఆ చేతి దిక్కునే ఉంటుంది. పుస్తకాల్లో దీన్ని బైస్ బాలెట్ సూత్రం అంటారు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఊరి మీదనుంచే పోయింది. గాలి గంటకు 180 కిలోమీటర్ల దాకా వీచింది. మధ్యలో గాలి ఒక్కసారిగా తగ్గింది. అయిపోయిందనుకుని జనం రోడ్ల మీదికి వచ్చారు. తుఫాను కన్ను అంటే ఏమిటో తెలిసినవాళ్ళు, "లోపలికి పదండర్రా, ఇంకా సగమే అయింది" అని కేకలేశారు. తర్వాత గాలి ఎదురు దిక్కునుంచి వచ్చింది. మొదటి విడతలో ఒకవైపు వంగిన చెట్లు రెండో విడతలో పెళ్ళగిలిపోయాయి.

* * *

రాళ్ళపెట్టె గురించి చెప్పకపోతే ఇది సగమే అవుతుంది. అందులో బైలదిల్లా ఇనుపరాయి, గరివిడి మాంగనీసు, అనంతగిరి బాక్సైటు, బొర్రా సున్నపురాయి, నీలిబూడిద రంగు చార్నకైటు, ఖొండలైటు ఉండేవి. రాయిని రంగు చూసి గుర్తుపట్టొద్దు అనేది మొదటి నియమం. గ్లేజు లేని పింగాణి, అంటే కప్పు అడుగున గరుగ్గా ఉండే అంచు లేదా బాత్రూం టైలు వెనకవైపు, తీసుకుని దానిమీద గీయాలి. ఇనుపరాయి పైకి నల్లగా, ఉక్కురంగులో మెరిసినా గీత మాత్రం ముదురు ఎరుపు. మాంగనీసు గీత నలుపు. చేతిలో తూచి చూసినా తెలుస్తుంది, ఒకే సైజు కొండరాయికంటే ఇనుపరాయి దాదాపు రెట్టింపు బరువు. బాక్సైటుకు నోటితో ఆవిరి ఊదితే తడిమట్టి వాసన వస్తుంది. సున్నపురాయి మీద కెమిస్ట్రీ ల్యాబు నుంచి తెచ్చిన పలచని ఆసిడ్ చుక్క వేస్తే బుసబుస పొంగుతుంది. ఆ సీసా మాస్టారి చేతిలోంచి పిల్లల చేతికి వచ్చేది కాదు.

ఇనుపరాయి ఇక్కడిది కాదు, ఛత్తీస్‌గఢ్ కొండలది. కొత్తవలస నుంచి కిరందూల్ దాకా 58 సొరంగాలు తవ్వి రైలు మార్గం వేసింది ఆ రాయి జపానుకు పంపడానికే. ఆ దారిలో శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంది. వనరు ఒకచోట, రేవు ఒకచోట, మధ్యలో కనుమలు. ఆర్థిక భూగోళమంతా ఆ ఒక్క రైలు దారిలో ఉందనేవారు.

బొర్రాకు వెళ్ళినవాళ్ళు గుహలో వేలాడే సున్నపుకొసలు చూసి చెక్కారా అని అడిగేవారు. తరగతిలో రెండు గ్లాసుల్లో వేడినీళ్ళు పోసి చాకలి సోడా కరిగినంత కరిగించి, ఉన్నిదారం ఒక కొస అందులో, ఇంకో కొస ఇందులో వేసి, నడుమ కొంచెం వేలాడనిచ్చి కింద సాసరు పెట్టేవారు. వారంలో దారం కింద తెల్లటి కొస దిగుతుంది, సాసరులో ఇంకోటి లేస్తుంది. గుహలో జరిగేది సరిగ్గా ఇదే కాదు. అక్కడ నీళ్ళలోంచి బొగ్గుపులుసు వాయువు పోయి సున్నం పేరుకుంటుంది, ఇక్కడ నీరు ఆవిరై సోడా మిగులుతుంది. ఆకారం మాత్రం అదే. విశాఖ ఉక్కపోతలో జులైలో పెడితే నీరు ఆరక చుక్కలు పడుతూనే ఉంటాయి, కొస రాదు. డిసెంబరు, జనవరిల్లో చేయాల్సిన పని ఇది.

ఉప్పు పాఠం బాలచెరువు మళ్ళ దగ్గర. పోటుకి సముద్రపు నీరు కాలువలోకి వదిలి, ఒక మడిలోంచి ఇంకో మడికి మారుస్తూ ఎండనిచ్చేవారు. ఉప్పునీటి చిక్కదనం కొలిచే బోమే గుండు వేసి చూస్తే సముద్రపు నీరు 3 డిగ్రీలు, 25 దగ్గర ఉప్పు గింజ కడుతుంది, 29 దాటనివ్వకుండా మిగిలిన చేదునీళ్ళు తోడేయాలి. తోడకపోతే ఉప్పులో మెగ్నీషియం కలిసి ఎప్పుడూ చెమ్మగిల్లుతూ ఉంటుంది. గంటసేపు వాన కురిస్తే పదిరోజుల పని నీళ్ళపాలు. ఊరు పెరిగేకొద్దీ ఆ మళ్ళు పూడిపోయాయి.

లీటరు సముద్రపు నీళ్ళు తెచ్చి మరిగించి ఉప్పు తూచే ప్రయోగం మాత్రం ఇప్పటికీ ఎవరైనా చేయొచ్చు. మేలో తెస్తే 34 గ్రాముల దగ్గరికి వస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో తెస్తే బాగా తక్కువ. అప్పుడు ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి తిరిగి, గంగ, బ్రహ్మపుత్ర, మహానదుల వరదనీళ్ళు మన ఒడ్డు వెంట దిగుతాయి. ఒక్కసారే చేసి ఊరుకున్న పిల్లలకు ఈ తేడా తెలిసేది కాదు. మొదటిసారి తప్పు తూచామనుకుని పారేసినవాళ్ళూ ఉన్నారు.

* * *

పాత జిల్లా మ్యాపులు ఇప్పుడు చెల్లవు. 1950లో శ్రీకాకుళం విడిపోయింది, 1979లో విజయనగరం, 2022లో అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు. అర్మకొండ, అరకు, బొర్రా, సీలేరు అన్నీ అల్లూరి జిల్లాలోకి పోయాయి. కొండకర్ల ఆవ సరస్సు అనకాపల్లి వాళ్ళది. మిగిలిన విశాఖ జిల్లా వెయ్యి చదరపు కిలోమీటర్లు పైచిలుకు, పాత స్కేల్లో అయితే నోటుబుక్కు పేజీలో ఇమిడిపోతుంది.

ఇప్పుడు ఎవరైనా బడిలో కొత్తగా బొమ్మ చేయాలనుకుంటే సెంటీమీటరుకు 500 మీటర్లు పెట్టుకోండి.  ఎత్తు మూడు రెట్లు పెంచితే చాలు, డాల్ఫిన్ నోస్ సెంటీమీటరు పైన లేస్తుంది. సింహాచలం వరస, యారాడ వరస, నడుమ పల్లం వేలితో తడిమితే తెలుస్తాయి. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలకు రంగు వేయొద్దు, ఎర్ర ఇసుకే జిగురు మీద చల్లండి. దిబ్బల మీదనుంచి మాత్రం తేవొద్దు. అది వారసత్వ ప్రదేశం, అక్కణ్ణుంచి తవ్వకూడదు. ఇల్లు కట్టేచోట దొరికే ఎర్రగ్రావెల్ జల్లించి వాడుకోవచ్చు.